విశాఖ వెలుగులో మంచి పోర్ట్రెయిట్ తీయడం ఎలా?

“అమ్మ ఫోటో ఎన్నిసార్లు తీసినా అమ్మలా రావడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?” ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. ఫోనుతో తీసేవాళ్లూ అడుగుతున్నారు, లక్ష రూపాయలు పెట్టి కెమెరా కొన్నవాళ్లూ అడుగుతున్నారు.

నేను చూసినంతలో తప్పు ఎక్కువగా పని చేసే వరుసలో ఉంటోంది. ముందు మనిషిని నిలబెట్టేస్తాం. ఆ తర్వాత వెలుగు ఎక్కడుందో వెతుకుతాం, సెట్టింగులు మారుస్తాం, వెనక బకెట్ కనబడుతోంది జరగమంటాం. ఈలోగా ఆ మనిషి ముఖం బిగుసుకుపోతుంది. కాబట్టి కింద చెప్పిందంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: మనిషి వచ్చి కూర్చునేసరికి మిగతా పనంతా అయిపోయి ఉండాలి. అప్పుడే మన చూపు కెమెరా మీద నుంచి మనిషి మీదకు మళ్లుతుంది.

## 1. ముందురోజు చేయాల్సిన పని

ఫోటో దేనికో మొదట తేల్చుకోండి. హాల్లో గోడకు పెట్టుకోవడానికా, పెళ్లిసంబంధానికి పంపడానికా, రిటైర్మెంటు సభకా? సంబంధానికి పంపే ఫోటోలో మనిషి రేపు గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటారో అలాగే ఉండాలి. గోడకు పెట్టేదానికి అంత పట్టింపు లేదు, నీడలు కొంచెం ఎక్కువున్నా బాగుంటుంది.

ఫోన్ చేసి బట్టల గురించి మాట్లాడండి. ఒకే రంగు చీర, చిన్న అంచు. లేదా డిజైన్ లేని చొక్కా. సన్నటి గీతల చొక్కాలు ఫోటోలో అలలు అలలుగా మెరుస్తాయి, వద్దని చెప్పండి. చిలకపచ్చ, ఫ్లోరోసెంట్ బట్టల రంగు వెలుగుతో గడ్డం కింద చర్మం మీద పడుతుంది. రోజూ కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పెట్టుకునే రావాలి. అది తీసేస్తే కళ్ల కింద అచ్చులు కనబడతాయి, మనిషీ కొత్తగా అనిపిస్తారు. క్షవరం మూడు నాలుగు రోజుల ముందే అయిపోతే మేలు.

సంచిలో ఉండాల్సినవి:

- ఛార్జి పెట్టిన బ్యాటరీ, ఖాళీ కార్డు (ఫోనైతే ఖాళీ స్టోరేజీ)
- లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డలు రెండు
- పెద్ద తెల్ల థర్మాకోల్ షీటు ఒకటి. స్టేషనరీ షాపులో దొరుకుతుంది, వెలుగును ముఖం మీదకు తిప్పికొట్టే రిఫ్లెక్టర్‌గా ఇదే చాలు
- సేఫ్టీ పిన్నులు, పక్కపిన్నులు, దువ్వెన
- చెమట అద్దడానికి టిష్యూలు
- వీపు ఆనించుకునే వీల్లేని చిన్న స్టూలు
- మంచినీళ్లు

స్టూలు ఎందుకంటే, కుర్చీలో కూర్చుంటే మనిషి వెనక్కి జారిపోతారు. దాంతో పొట్ట ముందుకొస్తుంది, మెడ కుంచించుకుపోతుంది.

## 2. విశాఖలో వెలుగు ఎటునుంచి వస్తుందో తెలుసుకోండి

ఎక్కువసేపు చెప్పాల్సింది ఇక్కడే. మన ఊళ్లో పోర్ట్రెయిట్లు పాడయ్యేది చాలావరకు సముద్రాన్ని తప్పు వేళలో వెనక పెట్టుకోవడం వల్లే.

ఆర్కే బీచ్ దగ్గర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. అంటే మనం సముద్రంవైపు తిరిగి నిలబడితే చూసేది ఆగ్నేయం. జనవరిలో సూర్యుడు దాదాపు మన ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. మే, జూన్లలో బాగా ఎడమకు జరిగి, కైలాసగిరి వైపుకు దగ్గరగా లేస్తాడు. పొద్దు పొడిచే వేళ జూన్ మొదట్లో సుమారు 5.20, జనవరిలో సుమారు 6.30. దీన్నిబట్టి మూడు పద్ధతులు.

చలికాలం ఉదయం, వెనక సముద్రం. సూర్యుడు మనిషి వీపు వెనక ఉంటాడు కాబట్టి ముఖం నల్లబడుతుంది. థర్మాకోల్ షీటును ముఖానికి ఎదురుగా, ఛాతీ ఎత్తులో, మూడడుగుల దూరంలో పట్టించండి. అది వద్దనుకుంటే మనిషిని సముద్రంవైపే తిప్పండి, మీరు నీళ్లవైపు వీపు పెట్టండి. పొద్దు పొడవడానికి పావుగంట ముందు నుంచి ఆకాశమంతా ఒక పెద్ద మెత్తటి దీపంలా ఉంటుంది. ఆ వెలుగుకు ఏ షీటూ అక్కర్లేదు.

ఎండాకాలం ఉదయం, వెనక సముద్రం. సూర్యుడు పక్కగా ఉంటాడు. ముఖానికి ఒకవైపు వెలుగు, రెండోవైపు సన్నటి నీడ పడతాయి. సముద్రం వెనకుండగా ఇంత చక్కటి పక్కవెలుగు చలికాలంలో దొరకదు. కాకపోతే ఆరున్నర దాటితే ఎండ చురుక్కుమంటుంది, కళ్లు చికిలించడం మొదలవుతుంది. ఐదుకే అక్కడుండాలి.

సాయంత్రం. పొద్దు ఊరివైపు, కొండల వెనక్కి దిగుతుంది. బీచ్‌రోడ్డు మీద భవనాల నీడ ఇసుకమీద పడగానే చాలామంది లైటు పోయిందని కెమెరా సర్దేస్తారు. అసలు వేళ అప్పుడే మొదలవుతుంది. మనిషి సముద్రంవైపు చూడాలి, మీరు అలలకు వీపు పెట్టి నిలబడాలి. విశాలమైన తూర్పు ఆకాశం ముఖం మీద సమానంగా వెలుగు పరుస్తుంది, ముడతలు మెత్తబడతాయి, కంటిలో పెద్ద మెరుపు వస్తుంది. వెనక కొండలో, మిణుకుమనే దీపాలో వస్తాయి. నవంబరు చివర్లో 5.20కే పొద్దు గూకుతుంది, జూలై మొదట్లో 6.35 దాకా ఉంటుంది. నేనైతే నలుగురికి నాలుగు చోట్లు చెప్పకుండా ఈ సాయంత్రం పద్ధతి ఒక్కటే చెబుతాను.

దీనికి ఇంకో లాభం ఉంది. సాయంత్రం గాలి మామూలుగా సముద్రం మీద నుంచి వీస్తుంది. సముద్రంవైపు చూసేవారి జుట్టు వెనక్కి పోతుంది. సముద్రానికి వీపు పెడితే అదే జుట్టు ముఖం మీద పడుతుంది, కొంగు ముందుకు ఎగిరొస్తుంది. మనం గంటసేపు దువ్వెనతో కుస్తీ పడతాం.

మీరు అలలకు వీపు పెట్టినప్పుడు మాత్రం జాగ్రత్త. ఫ్రేము చూసుకుంటూ వెనక్కి నడవకండి. మన తీరంలో అల లాగేసే చోట్లున్నాయి, ప్రాణాలు పోతున్నాయి. తడి ఇసుకకు బాగా పైన, పొడి ఇసుక మీదే నిలబడండి. పక్కన ఒకరిని కాపలా పెట్టుకోండి.

మిట్టమధ్యాహ్నం తప్పనిసరైతే గుమ్మం వెతకండి. విశాఖ పాత ఊరి సందుల్లో, భీమిలి వీధుల్లో, మన ఊళ్లలో అరుగులున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. పైన కప్పు ఉండి ముందు తెరిపిగా ఉన్న చోట మనిషిని ఒక అడుగు లోపల కూర్చోబెట్టి వీధివైపు చూడమనండి. నెత్తిమీద ఎండ ఆగిపోతుంది, ఎదురుగా ఉన్న వెలుగు మాత్రమే ముఖానికి తగులుతుంది. వెనక గది దానంతటదే చీకటవుతుంది. చెట్టు నీడ బాగానే ఉంటుందనిపిస్తుంది గానీ ఆకుల మధ్యనుంచి పడే ఎండచుక్కలు చెంపల మీద తెల్లటి మచ్చలవుతాయి. వేపచెట్టు కింద ఇది మరీ ఎక్కువ.

మబ్బు పట్టిన రోజు వెలుగు మెత్తగా ఉంటుంది కానీ పైనుంచే వస్తుంది, కంటిగుంతలు నల్లబడతాయి. థర్మాకోల్ ఒడిలో పెట్టించండి, ఫ్రేములోకి రాకుండా చూసుకోండి.

రంగు కూడా వెలుగుతోపాటే వస్తుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర నేలమీద నుంచి ఎర్రదనం గడ్డం కిందకి ఎక్కుతుంది. అది నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే తెల్ల దుప్పటి పరిచి కూర్చోబెట్టండి. దిబ్బల మీదకు ఎక్కించడం, మట్టి తవ్వడం వద్దు, అది కాపాడుకోవాల్సిన చోటు. ఫిషింగ్ హార్బరులో నీలం టార్పాలిన్ కింద తీస్తే ముఖం నీలమవుతుంది, పక్కకు రెండడుగులు జరిగితే చాలు. నేవీ ప్రాంగణాలవైపు కెమెరా తిప్పకండి.

## 3. ఇంట్లో అయితే కిటికీ పక్కన

పెద్దవాళ్లకు, నడవలేనివాళ్లకు ఇదే మంచిది. వాళ్లు ఎక్కువ కుదురుగా ఉండేది కూడా వాళ్లింట్లోనే.

ఎండ నేరుగా పడని కిటికీ ఎంచుకోండి. ఉత్తరపు కిటికీ అయితే ఏడాదిలో ఎక్కువ కాలం పగలంతా పనికొస్తుంది. నేరుగా ఎండ పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి. ఆ తర్వాత ఇలా చేయండి.

- గదిలో ట్యూబులైటు, బల్బు అన్నీ ఆపేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం వస్తుంది, తర్వాత సరిచేయడం చాలా కష్టం.
- స్టూలును కిటికీకి మూడు నాలుగడుగుల దూరంలో పెట్టండి. మరీ ఆనుకుంటే ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా అయిపోతుంది.
- ముఖాన్ని కిటికీకి సగం తిప్పించండి. దూరంగా ఉన్న చెంప మీద కంటి కింద చిన్న వెలుగు త్రికోణం కనబడేదాకా మెల్లగా తిప్పండి.
- నీడ ఎక్కువనిపిస్తే ఆ వైపు థర్మాకోల్. ముఖం చప్పగా ఉందనిపిస్తే అదే చోట నల్ల గొడుగు తెరిచి పెట్టండి.
- గోడ రంగు చూడండి. మనిళ్లల్లో గులాబీ, ఆకుపచ్చ గోడలు ఎక్కువ. అవి దగ్గరుంటే నీడవైపు చెంపకు ఆ రంగు పూస్తాయి. గోడకు నాలుగడుగులు ఎడం ఉంచండి.

ఇదంతా మనిషిని పిలవకముందే చేయాలి. స్టూలు మీద ఎవరో ఒకరిని, ఇంట్లో పిల్లాడినైనా సరే, కూర్చోబెట్టి ట్రయల్ చూసుకోండి.

## 4. దూరం, లెన్సు, సెట్టింగులు

ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తోందంటే మీరు మరీ దగ్గరగా నిలబడ్డారని అర్థం. ముఖం ఆకారం మారేది దూరం వల్ల. కనీసం ఐదారడుగులు వెనక్కి వెళ్లండి, అక్కడినుంచి జూమ్ చేయండి.

కెమెరాకు: ఫుల్‌ఫ్రేము (పెద్ద సెన్సరు కెమెరా) అయితే 85 ఎం.ఎం., చిన్న సెన్సరు కెమెరాకు 50 ఎం.ఎం. లెన్సు సరిపోతుంది. కొత్తగా కొన్నవాళ్లు లెన్సు రంధ్రాన్ని (అపర్చరు) బాగా తెరిచి, ఎఫ్ 1.8 దగ్గరే వదిలేస్తారు. ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, స్పష్టంగా ఉండే లోతు పెరుగుతుంది. ఫుల్‌ఫ్రేములో 85తో రెండు మీటర్ల నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. కన్ను షార్ప్‌గా, చెవి మసగ్గా వస్తుంది; మనిషి కాస్త ఊగితే కన్నూ పోతుంది. ఎఫ్ 4 దగ్గర మొదలుపెట్టండి. ఇద్దరుంటే ఎఫ్ 5.6.

- షట్టర్: సెకనులో 1/250 వంతు. పిల్లలకు 1/500
- ఐఎస్ఓ (సెన్సరు వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె): ఆటో, గరిష్ఠం 3200
- ఫోకస్: మీకు దగ్గరగా ఉన్న కంటి మీద
- వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే సెట్టింగు): ఆటో వద్దు; నీడలో ‘షేడ్’, ఎండలో ‘డేలైట్’
- ఫైల్: రా (RAW, తర్వాత ఎడిటింగుకు ఎక్కువ వీలిచ్చే ఫైలు)

ఫోనుకు: మొదట లెన్సు తుడవండి. బీచ్ దగ్గర పది నిమిషాలకే ఉప్పుతేమ పొర పడుతుంది, ఫోటోలన్నీ పొగమంచులో తీసినట్టు వస్తాయి. 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు వాడండి. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగును కొంచెం కిందికి దించండి. బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపేయండి. వెనకభాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ జడలో మల్లెపూలను, జుంకీల అంచులను తినేస్తుంటుంది. మామూలు మోడ్‌లో కూడా రెండు తీసిపెట్టుకోండి.

తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి అయితే ఆటో కెమెరా మోసపోతుంది. తెలుపు చూసి మొత్తం తగ్గించేస్తే ముఖం మునిగిపోతుంది. చామనఛాయ, నలుపు ముఖాలకు ఇది మరీ అన్యాయం చేస్తుంది. కెమెరా వెలుగు కొలతను ముఖం మీద తీసుకోండి, పంచె మడతలు పూర్తిగా తెల్లబడకుండా ఉన్నాయో లేదో చూసుకోండి, అంతే.

ఒక సంగతి నా అనుభవం నుంచి చెప్పాలి. ఒక జూన్ తెల్లవారుజామున రుషికొండకు ఏసీ కారులో వెళ్లి, దిగీదిగగానే కెమెరా బయటకు తీశాను. లెన్సు నిండా ఆవిరి. తుడుస్తుంటే మళ్లీ పట్టింది. ఇరవై నిమిషాలు పోయాయి, ఆ మెత్తటి వెలుగూ పోయింది. నేను ఫోటో తీయాల్సిన ఎనభై ఏళ్ల పెద్దాయన మాత్రం ఇసుకలో కుర్చీ మీద ఓపిగ్గా కూర్చునే ఉన్నారు. అప్పటినుంచి అరగంట ముందే ఏసీ ఆపించి, కెమెరా సంచి జిప్పు తీయకుండా అలాగే ఉంచుతున్నాను. మీరూ అలాగే చేయండి.

## 5. మనిషిని కూర్చోబెట్టడం

మన పెద్దవాళ్లలో చాలామందికి ఫోటో అంటే పాస్‌పోర్టు ఫోటోయే. చేతులు తొడలమీద, భుజాలు బిగించి, శ్వాస ఆపి కూర్చుంటారు. వాళ్లను “రిలాక్స్ అవ్వండి” అంటే ఇంకా బిగుసుకుంటారు. చేయాల్సింది చెప్పండి, మిగతాది వదిలేయండి.

మొదట ఒళ్లు కొంచెం పక్కకు తిప్పించండి, ముఖం మాత్రం మీవైపు. తర్వాత నుదురు మీవైపు కాస్త ముందుకు తెమ్మనండి, గడ్డం ఒక వేలెడు దించమనండి. మాటల్లో వింతగా ఉంటుంది, మీరే ఒకసారి చేసి చూపించండి. దవడ కింద గీత స్పష్టమవుతుంది. కళ్లజోడు మెరుస్తుంటే కాడల్ని చెవుల దగ్గర కొంచెం పైకెత్తించండి, అద్దాలు నేలవైపు వాలి మెరుపు పోతుంది.

చేతులకు పని ఇవ్వండి. కొంగు చివర, చేతికర్ర, మడిచిన పేపరు, కాఫీ గ్లాసు ఏదైనా. కుట్టుపని చేసే ఆమె చేతిలో కత్తెర పెడితే భుజాలు వాటంతటవే దిగుతాయి.

కెమెరా వాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. పిల్లల్ని తీసేటప్పుడు నేలమీద కూర్చోండి.

చివరిగా అరనిమిషం చూసుకోండి: తల వెనక స్తంభం గానీ కరెంటు తీగ గానీ లేచిందా, బొట్టు మధ్యలో ఉందా, గొలుసు కొక్కెం ముందుకొచ్చిందా, జేబులో ఫోను ఉబ్బెత్తుగా ఉందా, ముక్కు మీద చెమట మెరుస్తోందా. చెమటను తుడవకండి, టిష్యూతో అద్దండి.

## 6. మాట్లాడిస్తూ తీయడం

ఇంట్లోవాళ్లు వెనక చేరి “నవ్వమ్మా, నవ్వు” అంటుంటే ఆ ముఖంలో నవ్వు రాదు, పళ్లు మాత్రం కనబడతాయి. వాళ్లలో ఒకరికి థర్మాకోల్ ఇవ్వండి, మిగతావాళ్లను మర్యాదగా పక్కగదికి పంపండి.

మొదటి పది ఫోటోలు లెక్కలోకి రావు. వాటిని వాళ్లకు చూపించకండి కూడా, చూపిస్తే అద్దంలో చూసుకున్నట్టు సర్దుకోవడం మొదలుపెడతారు. క్లిక్కు శబ్దం అలవాటవ్వాలి, అంతవరకే.

ఆ తర్వాత జవాబు పొడుగ్గా వచ్చే ప్రశ్న అడగండి. “బాగున్నారా?” అంటే “ఆఁ” అని ఆగిపోతారు. “పిన్నీ, ఈ ఇంటికి మొదట వచ్చినప్పుడు ఇక్కడ ఏముండేది?”, “మావయ్యా, పోర్టులో మీ మొదటి జీతంతో ఏం కొన్నారు?” అని అడిగితే కళ్లు ఎక్కడికో వెళ్తాయి. చెబుతున్నప్పుడు తీయకండి, నోరు వంకర వస్తుంది. చెప్పడం ముగించి, ఆ సంగతిని ఒక్క క్షణం లోపలే తలుచుకుని మళ్లీ మీ వంక చూస్తారు. అప్పుడు నొక్కాలి. నాకు నచ్చిన ఫోటోలన్నీ ఆ క్షణంలో వచ్చినవే.

ఫిషింగ్ హార్బరులో ఒక చేపలమ్మే అమ్మను అడిగి తీస్తున్నాను. నేను సెట్టింగులు మారుస్తూ ఉండిపోయాను. “ఏటి బాబూ, ఇంకా అవలేదేటి?” అంది. తలెత్తి చూస్తే నడుంమీద చేయి, ముఖంలో సగం విసుగు, సగం చనువు. అదే తీశాను. ఆమెకు ప్రింటు తీసుకెళ్లి ఇచ్చినప్పుడు తన పక్కనున్నవాళ్లందరికీ చూపించింది.

అడగకుండా తీయకండి. బేరం మధ్యలో, వల సర్దుకునే తొందరలో ఉన్నవాళ్లను ఆపకండి. పని తగ్గాక వెళ్లి, ఎందుకు తీస్తున్నారో చెప్పి, వద్దంటే వెనక్కి రండి. ఫోటో ఇస్తానని చెబితే ఇచ్చి తీరాలి.

ఇరవై నిమిషాలు చాలు. అంతకు మించితే ముఖంలో అలసట దిగుతుంది.

## 7. తరచూ వచ్చే తప్పులు, సవరణలు

- కళ్లల్లో మెరుపు లేదు: ముఖాన్ని వెలుగువైపు కొద్దికొద్దిగా తిప్పించండి, కనుపాపలో తెల్లచుక్క కనబడగానే ఆగండి.
- కళ్లు చికిలిస్తున్నారు: కళ్లు మూసుకోమనండి, మూడు లెక్కపెట్టి తెరవమనండి, తెరిచిన వెంటనే తీయండి.
- ఎప్పుడూ రెప్పపాటే: ఒక్కోటి కాకుండా వరసగా నాలుగైదు తీయండి.
- మనిషి గోడకు అతికించినట్టున్నారు: గోడ నుంచి ఆరడుగులు ముందుకు తీసుకురండి.
- సముద్రం గీత మెడను కోస్తోంది: మీరు కొంచెం వంగండి లేదా లేవండి, గీత భుజాల కిందకు గానీ తలపైకి గానీ పోతుంది.
- మోచేయి, మణికట్టు దగ్గర ఫ్రేము తెగింది: కీళ్ల దగ్గర తెంచకండి, కొంచెం పైనో కిందో తెంచండి.

## 8. ఎంపిక, ఎడిటింగ్, ప్రింటు

నూట యాభై తీస్తే మూడు ఉంచండి. అదేరోజు ఎంచకండి. మర్నాడు చూస్తే ఏది ఆ మనిషో తేలిగ్గా తెలుస్తుంది.

ఎడిటింగులో నా నియమం ఒక్కటే. వారంలో పోయేది తీసేయొచ్చు: మొటిమ, గాటు, కళ్లకింద నిద్రలేమి. ఎప్పటికీ ఉండేది ఉంచాలి: పుట్టుమచ్చ, ముడత, చర్మం రంగు. “కొంచెం తెల్లగా చేయండి” అని అడుగుతారు. నేను చేయను. నీడల్లో కొంచెం వెలుగు పెంచి, ముఖం వెలుగును సరిచేసి చూపిస్తాను, రంగు ముట్టుకోను. అలా చూపించాక మళ్లీ అడిగినవాళ్లు తక్కువ.

బీచ్ నుంచి రాగానే కెమెరాను, లెన్సును తడిపి పిండిన గుడ్డతో పైపైన తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. మన గాలిలో లెన్సుకు బూజు పట్టడం చాలా తేలిక.

ప్రింటుకు 8×12 అంగుళాలైతే కనీసం 2400×3600 పిక్సెళ్లు ఉండాలి. స్క్రీను మీద కనిపించేదానికన్నా ప్రింటు చీకటిగా వస్తుంది, కాబట్టి ఒక పిసరు వెలుగు పెంచి, మొదట చిన్న సైజు ఒకటి వేయించి చూడండి. ల్యాబువాళ్లకు “కలర్ కరెక్షన్ వద్దు, ఉన్నదున్నట్టు వేయండి” అని గట్టిగా చెప్పండి. ఒకసారి నేను చెప్పడం మర్చిపోయాను. ఒక ల్యాబులో నల్లటి తాతగారి ముఖాన్ని పాలిపోయేలా తేల్చి ఇచ్చారు. వాళ్ల మనవరాలు ప్రింటు చూసి “ఇది తాతయ్య కాదు” అంది. మళ్లీ వేయించి ఇచ్చాను.

కాగితం మ్యాట్ తీసుకోండి. గ్లాసీ ప్రింటును ఫ్రేము అద్దానికి ఆనించి బిగిస్తే మన ఉక్కపోతకు అతుక్కుపోవచ్చు, ఊడదీస్తే ముఖం చిరుగుతుంది. ఫ్రేములవాణ్ని చుట్టూ మందపాటి అట్ట మౌంటు వేయమనండి, అద్దానికీ ఫోటోకీ మధ్య సందు ఉంటుంది. సముద్రంవైపు కిటికీకి ఎదురుగా మేకు కొట్టకండి, లోపలి గోడకు పెట్టండి.